చిన్నమ్మ గిన్నె

తెల్లవారి ఐదున్నర. వాకిట్లో చల్లిన సాన్పు ఇంకా ఆరలేదు. అవ్వ, అంటే చిన్నమ్మ అత్త, పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. కాసేపట్లో అన్నం ఉడికే వాసన వసారా దాకా వస్తుంది. అది రాకముందే చిన్నమ్మ తన గ్లాసు ముగించాలని చూస్తోంది. ప్రోటీన్ పొడి కలిపిన పల్చటి సల్ల. నాలుగు గుక్కలు తాగి మొహం తిప్పుకుంటుంది, కళ్లు మూసుకుని మళ్లీ తాగుతుంది. గోడ మీద క్యాలెండర్ పక్కన డైటీషియన్ రాసిచ్చిన కాగితం అంటించి ఉంది. పొద్దున సల్ల, పదకొండింటికి పెసరపప్పు కట్టు, మధ్యాహ్నం ఉడకబెట్టిన సొరకాయ, రెండు గుడ్ల తెల్లసొన, సాయంత్రం మళ్లీ సల్ల, రాత్రికి సూపు. అన్నం అనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ఇదే తిండి.

"కడుపు కోసేటప్పుడు ఖాళీగుండాలె, గందుకేనా బిడ్డా?" అని అడిగింది చిన్నమ్మ.

అందుకు కాదు చిన్నమ్మా, కాలేయం కోసం అన్నాను. ఒంట్లో కొవ్వు బాగా పెరిగినవాళ్లకు కాలేయంలోనూ కొవ్వు చేరుతుంది. దాని ఎడమ భాగం ఉబ్బి జీర్ణాశయం మీద కప్పుకుని ఉంటుంది. డాక్టరు చిన్న రంధ్రాల్లోంచి పనిముట్లు పంపి చేసే ఆపరేషన్‌లో ముందు దాన్ని పైకి ఎత్తి పట్టుకోవాలి. బరువుగా, మెత్తగా ఉన్న కాలేయం చీరుకుపోతుంది, నెత్తురు కారుతుంది. పిండిపదార్థం మానేస్తే అందులో దాచుకున్న చక్కెర నిల్వ, దాన్ని పట్టుకుని ఉన్న నీరు ముందు కరిగిపోతాయి, ఆ తర్వాత కొవ్వూ కొంత తగ్గుతుంది. రెండు వారాల్లోనే కాలేయం చిక్కుతుంది. ఇదంతా చెబితే చిన్నమ్మ కాసేపు ఆలోచించి, "అంటే ఆపరేషన్ ఇయ్యాల్నే సురువైనట్టు" అంది. అంతకంటే సరైన మాట ఆ రెండు వారాల్లో నేను వినలేదు.

అన్నం లేకుండా రెండు వారాలు గడపడానికి ఇంతకంటే కష్టమైన చోటు ఉండదేమో. నిజాంసాగర్ మండలం నుంచి విడదీసి చేసిన కొత్త మండలం ఇది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కట్ట దగ్గర్లోనే ఉంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ గీసిన ఆ ప్రాజెక్టు కాలువలు పారినంత మేరా వరి. చిన్నమ్మ వాళ్ల నాయనమ్మ కాలంలో జొన్న గట్క తినేవాళ్లట. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం. పలకరింపు కూడా అన్నంతోనే. వాకిట్లోకి ఎవరొచ్చినా మొదట అడిగేది "తిన్నవా?" అని. ఈ రెండు వారాల్లో ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా చిన్నమ్మ తల ఊపుతుంది. తిన్నానని చెప్పలేదు, తినలేదనీ చెప్పలేదు. తినలేదంటే వాళ్లు ఊరుకోరు.

ఆమె బరువు 118 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఒకటిన్నర అంగుళం. ఇరవై ఏళ్లకు పైగా బీడీలు చేసింది. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు ఇలా కూర్చుని ఉంటారో ఈ ప్రాంతం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒళ్లో చాట, అందులో తంబాకు, పక్కన తడిపిన తునికాకు కట్ట, కత్తెర, దారం. రోజుకు ఎనిమిది వందలు, వెయ్యి బీడీలు. వేళ్లు ఆగవు, ఒళ్లు కదలదు. ముగ్గురు పిల్లల కాన్పులు, ఒక్కో కాన్పుకూ మిగిలిపోయిన బరువు, చిన్నాయిన గల్ఫ్‌కు పోయాక వేళ తప్పిన తిండి, పిల్లలు వదిలేసిన ముద్దలు. ముప్పై ఎనిమిదో ఏట షుగర్ వచ్చింది. మోకాళ్లు వంగడం మానేశాయి. రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంది. పగలు చాట ముందే తల వాల్చేస్తుంది. ఇవన్నీ బద్ధకం కిందే జమకట్టారు చుట్టాలంతా. నాకు కోపం వచ్చేది అక్కడే. రోజుకు వెయ్యి బీడీలు చేసే మనిషిని బద్ధకస్తురాలు అనడానికి నోరెలా వస్తుంది?

ఆపరేషన్ అన్న మాట ఇంట్లో మొదటిసారి వినపడినప్పుడు అవ్వకు గుర్తొచ్చింది ఆర్తి అగర్వాల్. 'నువ్వు నాకు నచ్చావ్'లో నటించిన పిల్ల. 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. "సినిమా వాళ్లకే దిక్కులేదు, మనమెంత?" అంది అవ్వ. ఆ భయం చిన్నది కాదు, కొట్టిపారేయలేం. కానీ అది వేరు, ఇది వేరు. లైపోసక్షన్‌లో చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేస్తారు. అది ఆకారం కోసం చేసేది, షుగర్ తగ్గించదు, ఆకలి తగ్గించదు. బేరియాట్రిక్ ఆపరేషన్‌లో కొవ్వును ముట్టుకోరు. జీర్ణాశయాన్ని చిన్నది చేస్తారు, లేదా పేగు దారి మళ్లిస్తారు. ఇందులోనూ ప్రాణాపాయం ఉంది. అనుభవమున్న చోట వెయ్యి మందిలో ఒకరిద్దరు. ఆ మాట డాక్టరు అవ్వ ముందే చెప్పాడు, దాచలేదు. మరో పక్క స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఉంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు చేయించుకోనివాళ్లలో కంటే తక్కువని 2007లో తేల్చారు. చేయించుకుంటే భయం ఉంది, చేయించుకోకపోతే కూడా ఉంది. ఆ రెండోది ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

చిన్నమ్మ కొడుకు బరువు తగ్గించే సూదుల సంగతి అడిగాడు. 2025 మార్చిలో మౌంజారో అనే సూది మన దేశంలోకి వచ్చింది, ఫోన్లో చూశాడు. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. సూదులు మంచివే, చాలామందికి సరిపోతాయి, కానీ ఆపితే బరువు చాలామటుకు తిరిగొస్తుంది. నెలనెలా వేల రూపాయలు ఎంతకాలం పెట్టగలరో చూసుకోవాలి. బరువును ఎత్తుతో లెక్కగట్టే బీఎంఐ చిన్నమ్మకు 48 దాటింది. మన దేశంలో డాక్టర్లు చాలాకాలం పాటించిన గీత 37.5, షుగర్ లాంటి జబ్బులుంటే 32.5. 2022లో అంతర్జాతీయ సంఘాలు ఆ గీతను ఇంకా కిందికి దించాయి. ఏ లెక్కన చూసినా ఆమె ఆ గీతకు చాలా పైన ఉంది.

ఖర్చు మూడు లక్షలు దాటుతుందన్నారు. చిన్నాయిన గల్ఫ్‌లో దాచినది, కొంత చీటీ ఎత్తినది. వైద్య బీమా ఉన్నవాళ్లకు ఒక మాట. బీఎంఐ 40 దాటినా, 35 దాటి అదుపు తప్పిన షుగరో, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బో, గుండె జబ్బో ఉన్నా ఈ ఆపరేషన్‌ను తోసిపుచ్చకూడదని బీమా నియంత్రణ సంస్థ 2019లో నిబంధనలు పెట్టింది. కాగితాలు అడిగి చూసుకోవాలి. ఇక డబ్బు లేనివాళ్లకు దారే లేదని కాదు. 2023లో ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు 200 కిలోలు దాటిన ఒక యువకుడికి ఈ ఆపరేషన్ ఉచితంగా చేశారు. వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పరీక్షలు ఒక్క రోజులో తెమలలేదు. గుండెకు టూడీ ఎకో, కడుపుకు స్కానింగ్, థైరాయిడ్, మూడు నెలల షుగర్ సగటు, విటమిన్లు, ఎండోస్కోపీ. జీర్ణాశయంలో పుండ్లు కలిగించే క్రిమి ఉంటే ముందు మందులతో దాన్ని వదిలించాలి. ఊపిరితిత్తుల డాక్టరు గది ముందు మేం చాలాసేపు కూర్చున్నాం. లోపల ఆయన మొదటి ప్రశ్న, "పొగ తాగుతారా అమ్మా?"

"చేస్త సారూ, తాగ," అంది చిన్నమ్మ.

ఆయన పెన్ను పక్కన పెట్టి, ఎన్నేళ్లుగా చేస్తోంది, ఇల్లు ఎంత ఇరుకు, తంబాకు దుమ్ములో పిల్లలు కూడా పడుకుంటారా అని అడిగి రాసుకున్నాడు. ఊదే పరీక్ష మళ్లీ చేయించాడు. రాత్రి నిద్ర పరీక్షలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో తెలిసింది. ఆపరేషన్ దాకా, ఆ తర్వాత కూడా కొంతకాలం ముక్కుకు మాస్కు తగిలించే మిషను పెట్టుకునే పడుకోవాలన్నారు. చేతికి మూడు రంగుల బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. మొదటి రోజు ఒక్కటే లేచింది. రెండో వారానికి రెండు. అవ్వ కూడా ఒకసారి పీల్చి చూసింది, మూడూ లేచాయి. డెబ్బై ఏళ్ల అవ్వ ఇప్పటికీ నాట్లకు పోతుంది.

ఏ ఆపరేషన్ చేయాలో తేలడానికి చాలాసేపు పట్టింది. షుగర్‌కు బైపాస్ మెరుగు. 1966లో అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టిన పద్ధతికి అది వారసురాలు. జీర్ణాశయంలో పైన చిన్న సంచి మాత్రం ఉంచి, పేగును తెచ్చి దానికి కలుపుతారు. కానీ ఐరన్, కాల్షియం ఒంటికి పట్టడం బాగా తగ్గిపోతుంది. మందులు, రక్త పరీక్షలు మానేస్తే కష్టం. స్లీవ్ అనే రెండో పద్ధతిలో పేగు జోలికి పోరు. జీర్ణాశయంలో మూడొంతులకు పైగా నిలువునా కోసి తీసేస్తారు, అరటిపండంత గొట్టం మిగులుతుంది. "మీ ఊరు నుంచి ఇక్కడికి ఎంత దూరం?" అని డాక్టరు అడిగినప్పుడు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఒంటిని చూసి చెప్పే డాక్టర్లు చాలామంది ఉంటారు. ఈయన ఒంటితోపాటు ఊరినీ చూశాడు. ఊరు దూరం, పైగా ఛాతీలో మంట లేదు, కాబట్టి స్లీవ్ అనుకున్నారు.

ఆపరేషన్ కోసం హైదరాబాద్ బయల్దేరిన రోజు కారులో ముందు సీటు బాగా వెనక్కి జరిపి కూర్చోబెట్టాం. ఎల్లారెడ్డి దాటాక, మెదక్ చేరకముందు, 1922 నాటి పోచారం చెరువు పక్కన కారు ఆపించింది. దిగలేదు. అద్దం దించి నీళ్లు చూసింది. "మీ చిన్నాయిన నన్ను పెండ్లైన కొత్తల సైకిల్ మీద ఈడికి తీస్కచ్చిండు," అంది. తర్వాత మెదక్ చర్చి శిఖరం కనబడినప్పుడూ, నర్సాపూర్ అడవి దాటేటప్పుడూ ఏమీ మాట్లాడలేదు. బాలానగర్ ట్రాఫిక్‌లో చిక్కుకున్నాక, ఎవరికో చెబుతున్నట్టు, "లేస్తనో లేవనో," అంది.

పొద్దున ఏడింటికి ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. కాళ్లకు బిగుతైన తెల్ల మేజోళ్లు తొడిగారు. వాటిపైన గాలి నింపి వదిలే పట్టీలు. కాళ్లలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడమే ఈ ఆపరేషన్‌లో ప్రాణాలు తీసే వాటిల్లో ముఖ్యమైనది. పొట్టకు సన్నటి సూది కూడా వేశారు, నెత్తురు పల్చబడడానికి. తలుపు మూసుకుంది.

లోపల జరిగేది ముందే బొమ్మ గీసి చూపించారు కాబట్టి బయట కూర్చున్నా కళ్లముందు ఆడుతూనే ఉంది. ఐదు చిన్న గాట్లు. కార్బన్ డయాక్సైడ్ నింపి పొట్టను పైకి లేపుతారు. చిక్కిన కాలేయాన్ని ఎత్తి పడతారు. రెండు వారాల సల్ల, సొరకాయ అక్కరకొచ్చేది ఆ నిమిషంలోనే. నోట్లోంచి ఒక గొట్టాన్ని జీర్ణాశయంలోకి దించి, దాని అంచు వెంబడే స్టేప్లర్‌తో కోస్తూ, కుడుతూ పైకి పోతారు. చివర్లో నీలం రంగు నీళ్లు పోసి కుట్ల దగ్గర కారుతోందా అని చూస్తారు. అవ్వ కుర్చీలో కాళ్లు పైకి మడుచుకుని కూర్చుని పోచమ్మకు మొక్కుకుంటోంది. గల్ఫ్ నుంచి చిన్నాయిన ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

గంటన్నర దాటాక లోపలికి పిలిచారు. స్టీలు ట్రేలో తీసేసిన భాగం. జానెడు కంటే పొడవు, గులాబీ రంగు, ఒంపు తిరిగి ఉంది. అవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. "గింతేనా?" అంది. అంతే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయంలో ఆ భాగంలోనే. అది పోతే కొన్నాళ్లు ఆకలే వేయదు. ఇన్నేళ్లుగా చిన్నమ్మకు మనసు గట్టిగా లేదని అన్నవాళ్లందరినీ ఆ ట్రే దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టాలనిపించింది నాకు.

సాయంత్రం ఐదింటికే లేపి నడిపించారు. ఒక చేయి నర్సు భుజం మీద, ఒక చేయి సెలైన్ స్టాండ్ మీద. నాలుగు అడుగులు. భుజం లాగేస్తోందని ఏడ్చింది. కడుపు కోస్తే భుజం నొప్పేంటని అవ్వ కంగారు. నింపిన గాలి లోపల కొంత మిగిలి ఉదరవితానాన్ని ఒత్తితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది, నడిస్తే పోతుంది అన్నారు. రాత్రి రెండింటికి లేచి తనే నడుస్తానంది. వరండా చివరి దాకా పోయి గోడ ముట్టుకుని వచ్చింది.

మర్నాడు నీళ్లు. మందు సీసాకు వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు, ముప్పై మిల్లీలీటర్లు. ఒకేసారి తాగకూడదు. చప్పరిస్తున్నట్టు, పావుగంట సేపు. అయిపోతే మళ్లీ కప్పు. మొదటి గుక్క లోపలికి పోతుంటే చిన్నమ్మ ఛాతీ మీద చేయి వేసుకుని ఆగింది. "దిగుడు తెలుస్తుంది బిడ్డా," అంది ఆశ్చర్యంగా. షుగర్ అప్పటికే దిగుతోంది. ఒక్క కిలో తగ్గకముందే ఇన్సులిన్ సగం చేశారు, ఒక మాత్ర పూర్తిగా ఆపేశారు. పాత మోతాదే వేసుకుంటే షుగర్ పడిపోయి ప్రమాదం.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఎర్ర పెన్నుతో గీత గీసినవి ఉన్నాయి. జ్వరం, పెరుగుతున్న కడుపు నొప్పి, ఆయాసం, నాడి 120 దాటడం. వీటిలో ఏది వచ్చినా రాత్రీపగలూ చూడకుండా రావాలి. కుట్టు దగ్గర కారడం మొదలైతే మొదట తెలిపేది నొప్పి కాదు, చాలాసార్లు నాడి. అందుకే వెంటనే ఊరికి పంపలేదు. హైదరాబాద్‌లో నా ఇంట్లోనే ఉంచుకున్నాను. కరోనాప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ మళ్లీ బయటికి తీశాం. చిన్నమ్మ వేలు, నా కళ్లు, ఆ ఎర్ర అంకెలు. నాడి 92, 88, 96. నిద్రలో కూడా పెట్టి చూసేదాన్ని.

తర్వాత ఊరు. మీరు ఆ వసారాలో ఉండి చూడాల్సింది ఈ రోజుల్నే. ఆసుపత్రిలో అందరూ ఒకవైపే. ఊళ్లో అలా కాదు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఏదో పట్టుకొచ్చారు. కొబ్బరి బోండాలు, బిస్కెట్లు, ఒకరు గిన్నె నిండా పాయా. కాగితం ప్రకారం ఇంకా పల్చటివే తాగాలి, వడకట్టినవి. చిన్నమ్మ చేతిలో కప్పు చూసి ఒకావిడ ఏడ్చేసింది. "పసిపోరని లెక్క అయిపాయెనా నీ బతుకు," అని. చిన్నమ్మే ఆమెను ఓదార్చింది.

అవ్వ రోజంతా చుట్టూ తిరిగేది. కోడలు ఆపరేషన్ అయి వచ్చింది, ఇంట్లో బియ్యం ఉన్నాయి, పెరుగుంది, పెట్టకుండా ఎలా ఉంటుంది? ఒక మధ్యాహ్నం మెత్తగా పిసికిన పెరుగన్నం రెండు చెంచాలు పెట్టింది. చిన్నమ్మ కాదనలేకపోయింది. అరగంటలో నొప్పి, నురగలు నురగలుగా వాంతి. ఆక్సీమీటర్ పెడితే 110. ఆసుపత్రికి ఫోన్ చేశాం. కూర్చోబెట్టండి, ఏమీ ఇవ్వకండి, గంటయ్యాక మళ్లీ చూసి చెప్పండి అన్నారు. అవ్వ దేవుడి గూటి ముందు నేల మీద కూర్చుంది, ఎవరివైపూ చూడలేదు. గంటకు 94 అయింది. నొప్పి తగ్గింది.

తప్పు అవ్వది కాదు. నేను చాలా గట్టిగా నమ్మే మాట ఇది. చిన్నమ్మకు మనస్తత్వ నిపుణురాలితో మాట్లాడించారు, డైటీషియన్‌తో మాట్లాడించారు. పొయ్యి దగ్గర నిలబడే మనిషితో ఎవరూ మాట్లాడలేదు. మన ఇళ్లలో తినేవాళ్లు వేరు, వడ్డించేవాళ్లు వేరు. ఎంత తినాలో చాలాసార్లు వడ్డించేవాళ్లే నిర్ణయిస్తారు. సిద్ధం చేయాల్సింది ఒక్క కడుపును కాదు, మొత్తం ఇంటిని. ఆసుపత్రివాళ్లు అత్తనో తల్లినో భర్తనో కూర్చోబెట్టి ఒక పూట చెబితే ఎన్ని వాంతులు, ఎన్ని అర్ధరాత్రి ప్రయాణాలు తప్పుతాయో.

సాయంత్రం డైటీషియన్‌కు ఫోన్ చేసి అవ్వ చేతికే ఇచ్చాను. ఆ అమ్మాయి మంచిది. అన్నం పెట్టొద్దని అనలేదు. "అవ్వా, మీ ఇంట్లో అన్నిటికంటే చిన్న గిన్నె ఏది?" అని అడిగింది. అవ్వ వెతికి, మనవడికి పసితనంలో ఉగ్గు పెట్టిన స్టీలు గిన్నె తెచ్చింది. "ఇకనుంచి కోడలికి అదే కంచం. అందులో ఏం పోయాలో వారం వారం నేను నీకే చెప్తా. కోడలికి చెప్పను," అంది.

ఆ రోజు నుంచి ఇల్లు మారిపోయింది. గిన్నె అవ్వది, కొలత అవ్వది, వేళ కూడా అవ్వదే. పొద్దున తైదంబలి పల్చగా, మధ్యాహ్నం మెత్తగా మెదిపిన పప్పు, గుడ్డు. తిండికి అరగంట ముందు, అరగంట తర్వాత నీళ్లు తాగకూడదు. అవ్వ చెంబు దాచేసేది. రోజుకు అరవై గ్రాములకు పైగా మాంసకృత్తులు వెళ్లాలంటే పొడులతోనే గడవదు. అప్పుడు అక్కరకొచ్చింది నిజాంసాగర్. చేపలు పట్టేవాళ్లు కట్ట దగ్గర అమ్మే బొచ్చె, రవ్వ తెచ్చి, కారం లేకుండా ఉడకబెట్టి, ముళ్లన్నీ తీసి, వేళ్లతో నలిపి గిన్నెలో పెట్టేది. ఒక్కో ముద్ద ఇరవై సార్లు నమలాలని చెబితే పక్కన కూర్చుని లెక్కపెట్టేది. ఎవరైనా వచ్చి "ఇంకింత పెట్టరాదు" అంటే మాత్రం అవ్వ నోరు విప్పితే వాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తరు.

నెలకు బరువు 106 కిలోలు. నాట్లు అయిపోయి పొలాలు పచ్చబడ్డాయి. చిన్నమ్మ కాలువ గట్టు దాకా నడిచి రావడం మొదలుపెట్టింది. బీడీల చాట మళ్లీ పట్టింది, అది మానలేదు, మానితే ఇల్లు గడవదు. కాకపోతే గంటకోసారి లేచి వాకిట్లో నాలుగు చుట్లు తిరుగుతుంది. మోకాళ్ల నొప్పికి పాత అలవాటు కొద్దీ మెడికల్ షాపులో మాత్ర అడగబోతే కొడుకు ఆపాడు. ఆ రకం నొప్పి మాత్రలు జీర్ణాశయంలో పుండ్లు పెడతాయి, ఇప్పుడు అస్సలు కూడదు. పారాసిటమాల్ మాత్రమే. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలలు మరో మాత్ర. ఇవి కాక విటమిన్లు, ఐరన్, కాల్షియం. ఐరన్, కాల్షియం కలిపి వేసుకోకూడదు, రెండింటికీ మధ్య రెండు గంటలుండాలి. అవ్వకు చదువు రాదు. మాత్రల డబ్బాల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఇచ్చాడు మనవడు.

బతుకమ్మ నాటికి మూడు నెలలు దాటాయి. 97 కిలోలు. ఇంటి ముందు తంగేడు, గునుగు, కట్ల పూలు కుప్పలు పోసి ఉన్నాయి. చిన్నమ్మ కింద కూర్చుని తాంబాళంలో బతుకమ్మ పేరుస్తోంది. కింద కూర్చుని! మధ్యలో తల వంచి గునుగు పువ్వు అందుకోబోతే నడినెత్తిన చర్మం కనబడింది. దువ్వెనకు చుట్టలు చుట్టలుగా వెంట్రుకలు వస్తున్నాయని ఫోన్లో చెప్పింది కానీ ఇంతగా అనుకోలేదు. మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఇది చాలామందికి జరుగుతుంది. ఒంటికి తగిలిన దెబ్బకు, ఒక్కసారిగా తగ్గిన తిండికి వెంట్రుకలు అలా స్పందిస్తాయి. మాంసకృత్తులు, ఐరన్ సరిగ్గా ఉంటే మళ్లీ వస్తాయి. తెలిసినా బాధ బాధే. "లావున్నప్పుడు జడ మంచిగుండె అనేటోళ్లు. ఇప్పుడు గదీ పాయె," అంది, చేతిలో పువ్వు వైపే చూస్తూ. చేతుల కింద చర్మం వేలాడుతోంది, జాకెట్లన్నీ వదులైపోయాయి. ఆడుతుంటే చప్పట్ల దగ్గర ఆ చర్మం ఊగుతుందని పొడుగు చేతుల జాకెట్ కుట్టించుకుంది.

అయినా ఆడింది. గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ, ఊరి ఆడవాళ్లందరి మధ్యలో. పోయిన ఏడు కుర్చీ వేసుకుని చూసిన మనిషి. సద్దుల రోజున మలీద, పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది పంచుకుంటున్నారు. ఎవరో మలీద ముద్ద చేతిలో పెట్టారు. అందులోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుని, మిగతాది అవ్వ చేతిలో పెట్టింది. బెల్లం త్వరగా పేగులోకి దిగితే కొందరికి చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. ఆమెకు అలా ఏమీ కాలేదు. ఆ చిటికెడునే చాలాసేపు నమిలింది.

మూడు నెలల రక్త పరీక్షలో బీ12 తక్కువ వచ్చింది. సూదులు రాసిచ్చారు. వాటికోసం హైదరాబాద్ రానక్కర్లేదు, చీటీ చూపిస్తే ఊళ్లోనే వేస్తారు. పరీక్షలకు బాన్సువాడ చాలు, ఫలితాలు వాట్సాప్‌లో పంపితే డాక్టరు చూస్తాడు. ఈ ఏర్పాటు కుదిరింది కాబట్టే చిన్నమ్మ వదిలేయలేదు. ఊళ్లలో చాలామంది ఆరో నెల దాటాక పరీక్షలకు పోవడం మానేస్తారు. బరువు తగ్గింది కదా, ఇంకేం పని అనుకుంటారు. విటమిన్ లోపం కంటికి కనబడదు. కాళ్లు తిమ్మిర్లెక్కి, నడక తూలేదాకా తెలియదు. తగ్గిన బరువు రెండో ఏడాది నుంచి మెల్లగా తిరిగి పెరగడం కూడా ఉంది. ఇది ఏడాదితో తెమిలే పని కాదని చిన్నమ్మకు మొదటి నుంచీ తెలుసు.

వడ్లు కోతకు వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం పక్క ఊరి నుంచి భార్యాభర్తలు బండి మీద వచ్చారు. ఆమెకు ముప్పై ఐదేళ్లుంటాయి. బండి దిగడానికే రెండు నిమిషాలు పట్టింది. వసారాలో కూర్చుని ఆయాసం తగ్గేదాకా మాట్లాడలేదు. తర్వాత భర్త అడిగాడు, ఎంతైంది, ఏ డాక్టరు, నొప్పి ఉంటదా, ఎన్ని కిలోలు తగ్గిందని.

చిన్నమ్మ అన్నింటికీ జవాబు చెప్పింది. నొప్పి గురించి దాచలేదు. జుట్టు విప్పి నడినెత్తి చూపించింది. చేతుల కింద చర్మం చూపించింది. షుగర్ మాత్ర ఒక్కటే మిగిలిందని, రాత్రి మాస్కు లేకుండా పడుకుంటున్నానని చెప్పింది. తర్వాత ఆమె వైపు తిరిగింది.

"మీ ఇంట్ల ఎవలు వండుతరు?"

"మా అత్తమ్మ."

"ఆమెకు తెలుసా మీరు ఈడికి వచ్చినట్టు?"

ఆమె భర్త మొహం చూసింది. ఆయన నేల చూశాడు.

లోపలినుంచి అవ్వ బయటికి వచ్చింది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "పైసల సంగతి తర్వాత. ఐతారం మీ అత్తమ్మను తోలుకరా పో," అంది. "నేను మాట్లాడుత ఆమెతోని. కోతలున్నయంటే నేనే వస్త. మీ ఇంట్ల ఎన్నింటికి తింటరు?"